చదువులో వెనుకబడిన బిడ్డకు అమ్మానాన్నల తోడు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ళ నుండి పిల్లలను ఆసుపత్రికి తీసుకొచ్చే తల్లులు జ్వరం సంగతి చెప్పాక, మెల్లగా ఇంకొక మాట చెబుతుంటారు. "సిస్టర్, వీడికి చదువు అబ్బడం లేదు. బడి మాన్పించి ఏదైనా పనిలో పెడదామనుకుంటున్నాం." బిడ్డ బ్రతుకును మలుపు తిప్పే అటువంటి నిర్ణయానికి ముందు తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

బద్ధకం కాకపోవచ్చు

కొందరు పిల్లలకు తెలివి అందరిలాగే ఉంటుంది. నోటితో అడిగితే చక్కగా చెబుతారు. పుస్తకం తెరిస్తే మాత్రం తడబడతారు. 'మ'ను 'య' అని, 'ప'ను 'వ' అని చదువుతారు. గుణింతాలు, ఒత్తులు వదిలేస్తారు. దీనిని అభ్యసన లోపం అంటారు. మరికొందరు ఒక్కచోట కూర్చోలేరు, చెప్పేది పూర్తిగా వినరు, మొదలుపెట్టిన పని ముగించరు. ఇవి ఎవరి పాపఫలమూ కాదు, తల్లి పెంపకం లోపమూ కాదు.

ముందుగా కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. రక్తహీనత ఉందేమో చూపించండి. బిడ్డ మధ్యమధ్యలో కొన్ని క్షణాలు పిలిచినా పలకకుండా, చూపు నిలిపి ఉండిపోతే అది ఒక రకమైన ఫిట్స్ కావచ్చు. డాక్టరుకు తప్పక చెప్పండి.

మీరు చెప్పనిదే తెలియదు

నిలకడలేని తనాన్ని తేల్చే రక్తపరీక్ష గాని స్కానింగు గాని లేదు. ఆ లక్షణాలు 12 ఏళ్ళ లోపే మొదలై, కనీసం 6 నెలలుగా, ఇంటిలోను బడిలోను, అంటే రెండుచోట్లైనా కనబడాలి. కాబట్టి తల్లిదండ్రులు, టీచరు ఇద్దరూ చెబితేనే డాక్టరు ఒక నిర్ణయానికి రాగలరు. బడిలో మాత్రమే అల్లరి చేస్తుంటే అక్కడ దెబ్బల భయమో, పాఠం అందకపోవడమో ఉండవచ్చు. ఇంటిలో మాత్రమే అయితే మన ఇంటి గొడవలు, తాగుడు కారణమేమో ఆలోచించాలి.

అభ్యసన లోపాన్ని పోగొట్టే మందు లేదు. జ్ఞాపకశక్తి టానిక్కులకు డబ్బు తగలేయవద్దు. నిలకడలేని పిల్లల్లో కొందరికి నిపుణులు మందులు వ్రాస్తారు. అప్పుడు కూడా ఇంటివారు, టీచరు కలిసి నడవవలసిందే.

టీచరుతో ఎలా మాట్లాడాలి?

మన ప్రాంతంలో "కండ్లు రెండు వదిలి ఎక్కడైనా కొట్టండి సారూ" అని బిడ్డను అప్పగించే అలవాటు ఇంకా ఉంది. దయచేసి ఆ మాట అనవద్దు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. దెబ్బలకు అక్షరాలు రావు, బడి మీద భయం మాత్రం వస్తుంది.

తోటి పిల్లల ముందు కాకుండా, టీచరును విడిగా కలవండి. ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఏ పని బాగా చేస్తున్నాడు? ఎక్కడ ఆగిపోతున్నాడు? ఇంటి దగ్గర మేమేమి చేయాలి? ఒక నెలకు ఒకటి రెండు పనులే ఒప్పుకోండి. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, పనిని చిన్న ముక్కలుగా ఇవ్వడం వంటివి.

మాకు చదువు రాదు కదా అని వెనుకాడవద్దు. రోజూ ఒక 15 నిమిషాలు టీవీ, ఫోను ఆపి పాఠాన్ని నోటితో చెప్పించుకోండి. దుకాణంలో చిల్లర లెక్క చూడమనండి. చేసిన చిన్న పనిని కూడా మెచ్చుకోండి. అక్కతోనో తమ్ముడితోనో పోల్చవద్దు. తండ్రి, నానమ్మ, తాతయ్య కూడా ఒకే మాట మీద ఉండాలి.

చట్టం ఇచ్చిన ఆసరా

2016 వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన లోపాన్ని కూడా గుర్తించింది. పరీక్షలో అదనపు సమయం, వ్రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల నుండి మినహాయింపు వంటి వెసులుబాట్లు ఆ చట్టంలో ఉన్నాయి. అభ్యసన లోపానికి ధృవపత్రం సాధారణంగా 8 ఏళ్ళు నిండాకే ఇస్తారు. అంతవరకు సహాయం మాత్రం ఆపవద్దు. సూర్యాపేట, కోదాడ వారు సూర్యాపేట జిల్లాలోను, మిర్యాలగూడ వారు నల్లగొండ జిల్లాలోను అడగాలి. మండలాల్లోని భవిత కేంద్రాలలో ఇటువంటి పిల్లలకు ప్రత్యేక టీచర్లు ఉంటారు. అర్జీ ఎలా పెట్టాలో వారినే అడగండి.

బుద్ధిమాంద్యం వేరు. నడక, మాట, తెలివి అన్నీ ఆలస్యమైన బిడ్డలకు సికింద్రాబాదులో 1984 నుండి జాతీయ సంస్థ ఉంది. అక్కడ పరీక్షలు చేస్తారు, తల్లిదండ్రులకు శిక్షణ కూడా ఇస్తారు.

ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతున్నది. సమావేశానికి పిలిస్తే ఒక పూట కూలి పోయినా వెళ్ళండి. మీ బిడ్డ సంగతి మీకంటె బాగా చెప్పగలవారు అక్కడ ఎవరూ ఉండరు.

డాక్టరును కలవడానికి వచ్చేటప్పుడు బిడ్డ నోటుపుస్తకాలు, ప్రోగ్రెసు కార్డు, పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు, టీచరు వ్రాసి ఇచ్చిన చీటీ తీసుకురండి. వీలైతే తల్లి, తండ్రి ఇద్దరూ రండి. కాన్పులో బిడ్డ ఆలస్యంగా ఏడ్చినా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా దాచవద్దు. సండే స్కూలు టీచర్లకు మా మనవి ఒకటి: చదవలేని బిడ్డను అందరి ముందు వాక్యం చదవమని నిలబెట్టకండి. కంఠతా చెప్పే అవకాశం ఇవ్వండి.