మెయిలుకూ ఓ వేళుండాలి!

‘టింగ్‌’... కంప్యూటర్లో చిన్న శబ్దం. చేస్తున్న పని ఆగిపోతుంది. కళ్లు అటే పోతాయి. తీరా చూస్తే ఏదో బ్యాంకువాళ్ల పండగ ఆఫరు! మళ్లీ పనిలో పడబోతే... ‘ఇంతకీ ఎక్కడిదాకా వచ్చాను?’ ఆఫీసు మెయిళ్లతో వేగేవాళ్లకు రోజూ ఉండే బాధే ఇది. దీనికి మందు కోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు. అది ఒకప్పటి మన తాలూకాఫీసుల్లోనే ఉండేది!

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఏ ఊరు తీసుకున్నా ఇప్పుడు మెయిలు లేనిదే పూట గడవదు. 2020లో కరోనా వచ్చాక ల్యాప్‌టాప్‌లతో సొంతూళ్లకు చేరిన సాఫ్ట్‌వేరు ఉద్యోగులకు ఇల్లే ఆఫీసైంది. ఆడిటర్లకు పన్ను నోటీసులూ, కాలేజీ లెక్చరర్లకు సర్క్యులర్లూ మెయిల్లోనే వస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడింది. కొత్త ఆఫీసులతోపాటే కొత్త మెయిల్‌ ఐడీలూ వచ్చాయి.

ఒక్క నిమిషమేగా అనుకుంటే...

పొయ్యి మీద పాలు పెట్టి వీధి గుమ్మంలో మాట్లాడుతుంటే మాట ఇక్కడుంటుంది, మనసు పాల మీదుంటుంది. మెయిలు చూసి పనిలోకి వచ్చినా అంతే. ఒక పని ముగించకుండా మరో పనికి మారితే మనసులో కొంత భాగం పాతదాన్నే పట్టుకుని ఉంటుందని అమెరికా పరిశోధకురాలు సోఫీ లెరాయ్‌ 2009లో చెప్పారు.

కెనడాలోని బ్రిటిష్‌ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో ప్రయోగం చేశారు. మొత్తం 124 మందిని తీసుకుని, ఒక వారం రోజుకు మూడుసార్లే మెయిలు చూడమన్నారు. ఇంకో వారం ఇష్టమొచ్చినన్నిసార్లు చూసుకోమన్నారు. మూడుసార్లే చూసిన వారంలో ఒత్తిడి తక్కువగా ఉందని తేలింది. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి.

తపాలు నేర్పే పాఠం

1985లో మండలాలు వచ్చేదాకా ఈ మూడూ గుంటూరు జిల్లాలో తాలూకా కేంద్రాలే. ఆనాటి ఆఫీసుల్లో ఉత్తరాలను ‘తపాలు’ అనేవారు. వచ్చిన తపాలునంతా ఒక్కచోట విప్పి, తేదీ ముద్ర కొట్టి, రిజిస్టర్లో నంబరు వేసి, సంబంధిత గుమస్తాకు పంపేవారు. ఆయన దాన్ని తన పర్సనల్‌ రిజిస్టర్లో ఎక్కించుకునేవాడు. జవాబు రావాల్సినవాటికి గుర్తుచేసే తేదీ రాసుకునేవాడు. పని పూర్తయ్యాక, ఆ కాగితం ఎన్నాళ్లు ఉంచాలన్నదాన్ని బట్టి ఆర్‌.డిస్‌, డి.డిస్‌, ఎల్‌.డిస్‌ అంటూ మూసేసేవారు. మద్రాసు రాష్ట్రం నాటి జిల్లా ఆఫీసు మాన్యువల్‌ నుంచి వచ్చిన పద్ధతిది.

అందులో కిటుకేమిటంటే... ఉత్తరం మనిషి కోసం ఆగేది, మనిషి ఉత్తరం కోసం ఆగేవాడు కాదు. మరి తొందర పనైతే? దానికి టెలిగ్రాం వేరే ఉండేది. 2013 జులైలో టెలిగ్రాం సేవలు ఆగిపోయాయి. ఆ పని ఇప్పుడు ఫోను చేస్తుంది. మనమేమో మామూలు ఉత్తరాన్ని కూడా టెలిగ్రాంలా చూస్తున్నాం!

ఇలా చేసి చూడండి

* మూడు వేళలు పెట్టుకోండి. పని మొదలెట్టిన గంటకు ఒకసారి, భోజనానికి ముందు ఒకసారి, సాయంత్రం లేచేముందు ఒకసారి. మిగతా సమయంలో నోటిఫికేషన్లు ఆపేయండి. పొద్దున్నే ఉండే చురుకుదనాన్ని అసలు పనికి వాడుకోండి.

* తెరిస్తే తేల్చేయండి. రెండు నిమిషాల్లో జవాబివ్వగలిగితే అప్పుడే ఇచ్చేయండి. లేదంటే ఎప్పుడు చేయాలో క్యాలెండర్లో రాసుకోండి. జీమెయిల్లో ‘స్నూజ్‌’ నొక్కితే మీరు చెప్పిన రోజున ఆ మెయిలు మళ్లీ పైకొస్తుంది.

* చెత్తను వేరుచేయండి. ఆఫర్ల మెయిళ్లను ‘అన్‌సబ్‌స్క్రైబ్‌’ చేయండి. పన్నుల శాఖ మెయిళ్లు వేరే ఫోల్డర్లోకి వెళ్లేలా ఫిల్టరు పెట్టండి. ఇది చిన్న విషయం కాదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమంటూ నోటీసొస్తే ఏడు పనిదినాల్లో జవాబివ్వాలి. అది ఆఫర్ల కుప్పలో పడి కనిపించకపోతే వ్యాపారానికే ఎసరు!

* మీరు రాసేదీ సూటిగా రాయండి. సబ్జెక్టులో ‘అర్జెంట్‌’ అనికాక ‘20వ తేదీలోగా బిల్లులు పంపండి’ అని రాస్తే అవతలివాళ్లకు తెరవకముందే సంగతి తెలుస్తుంది. ఒక్కరికి చెప్పాల్సింది ‘రిప్లై ఆల్‌’ కొట్టి యాభైమందికి పంపొద్దు.

మరి బాస్‌ ఊరుకుంటారా?

చాలామంది భయం ఇదే. అందుకే చెప్పకుండా మొదలెట్టొద్దు. ‘మెయిళ్లు ఫలానా వేళల్లో చూస్తాను సార్‌, తొందరైతే ఫోన్‌ చేయండి’ అని ముందే చెప్పండి. ఒక వారం చేసి చూపించండి. పని నిలిచిపోనప్పుడు కాదనేవాళ్లు తక్కువే. వినియోగదారుల ఫిర్యాదులు చూసే ఉద్యోగాల్లో మూడుసార్లే అంటే కుదరదు. అలాంటివాళ్లు సహోద్యోగులతో వంతులేసుకుని రోజుకో గంటైనా మెయిలుకు దూరంగా ఉండొచ్చు.

పైఅధికారులకూ ఓ మాట. రాత్రి పదింటికి ఏదైనా గుర్తొస్తే రాసుకోండి. కానీ, ‘షెడ్యూల్‌ సెండ్‌’ పెట్టి పొద్దున చేరేలా చూడండి.

పనివేళలు దాటాక ఆఫీసు సందేశాలకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్స్‌ 2017లో, ఆస్ట్రేలియా 2024లో ఉద్యోగులకు ఇచ్చాయి. మన దగ్గర ఇలాంటి ప్రైవేటు బిల్లును ఎంపీ సుప్రియా సూలే 2018లో లోక్‌సభలో పెట్టినా అది చట్టం కాలేదు. చట్టం వచ్చేదాకా ఆగాలా? మన ఇంటికి మనమే ఓ నియమం పెట్టుకోవచ్చు... భోజనాల దగ్గరకు ఫోన్‌ రాకూడదని. రాత్రి వచ్చిన మెయిలు పొద్దున చూసినా అందులో అక్షరం మారదు. వేడన్నం మాత్రం చల్లారిపోతుంది. కబుర్లు చెబుదామని ఎదురుచూసిన పిల్లలు నిద్రపోతారు!