ఫోన్ చెప్పే జవాబు మన మాటకు, మన ఇంటి శబ్దాలకు సరిపోతోందా?

ఇప్పుడు చాలా ఇళ్లలో పెద్దవాళ్లు టైప్ చేసే శ్రమ లేకుండా ఫోన్‌తో నేరుగా మాట్లాడేస్తున్నారు. మందులు, నమాజ్ వేళలు, వంట, బస్సు టైము.. ఏది అడిగినా ఫోన్ గొంతు విప్పి జవాబిస్తోంది. ఆ జవాబు ఒప్పా తప్పా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఇందాక మనం చెప్పిన దానికి, వెనకాల వినిపిస్తున్న శబ్దానికి అది తగినట్టు ఉందా అన్నదీ చూడాలి. దీన్ని ఎలా తేలుస్తారో, ఇంట్లో మనమే ఎలా పరీక్షించుకోవచ్చో తెలుసుకుందాం.

ముందు మాట గుర్తుందా?

దాదీ ఫోన్‌తో "పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అన్నారనుకోండి. కాసేపటికి "షుగర్ గోలీ టైమైంది, వేసుకోనా?" అని అడిగారు. "టైమైతే వేసుకోండి" అనే జవాబు విడిగా వింటే తప్పుగా అనిపించదు. కానీ కొన్ని రకాల షుగర్ మాత్రలు తినకుండా వేసుకుంటే షుగర్ బాగా పడిపోయే ప్రమాదం ఉంది. "మీరు ఇందాక ఏమీ తినలేదన్నారు కదా, ముందు ఇంట్లోవాళ్లకు చెప్పి డాక్టర్‌ని అడగండి" అన్నదే సందర్భానికి తగిన జవాబు.

ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడే మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఉర్దూలో 'కల్' అంటే నిన్న కూడా, రేపు కూడా. "కల్ కా అపాయింట్‌మెంట్ ఎన్ని గంటలకు?" అంటే ఏ రోజు సంగతో ముందు మాటలను బట్టే తెలియాలి. తెలియకపోతే ఊహించి చెప్పకుండా "నిన్నటిదా, రేపటిదా?" అని తిరిగి అడిగేదే మంచి జవాబు.

వెనకాల ఏం వినిపిస్తోంది?

"నాకేం కాలేదు, బాగానే ఉన్నా" అనే మాటతో పాటు ఆయాసం వినిపిస్తే, "సంతోషం" అనేసి ఊరుకోవడం సరికాదు. హారన్ల మధ్య దారి అడిగిన వాళ్లకు "స్క్రీన్ మీద మ్యాప్ చూడండి" అనకూడదు, ఒక్కో మలుపు చిన్నగా చెప్పాలి. అజాన్ వినిపించగానే మనం మాట ఆపేస్తే, మాట అయిపోయిందనుకుని మధ్యలో దూరకూడదు. టీవీలో ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబివ్వకూడదు.

అలాగని ప్రతి శబ్దాన్నీ ప్రస్తావించక్కర్లేదు. పిల్లాడి లెక్క చెబుతూ మధ్యలో "మీ కుక్కర్ విజిల్ వేసింది" అంటే విసుగే. అదే మనం "మూడు విజిల్స్ అయ్యాక చెప్పు" అని ఉంటే, ఆ విజిలే అసలు విషయం. శబ్దం ముఖ్యమా కాదా అన్నది అడిగిన దాన్ని బట్టే ఉంటుంది.

యంత్రానికి ఎందుకు కష్టం?

పెళ్లి సందడిలో కూడా మనం ఎదుటి మనిషి మాట ఒక్కటే పట్టుకోగలం. మన చెవికున్న ఈ శక్తి మీద కోలిన్ చెర్రీ 1953లో పరిశోధన ప్రచురించారు. యంత్రాలకు అది అంత సులువు కాదు. వాయిస్ అసిస్టెంట్లు చాలాకాలంగా మూడు మెట్లలో పనిచేశాయి. మన మాటను అక్షరాలుగా మార్చడం, ఆ అక్షరాలకు జవాబు రాయడం, దాన్ని గొంతుతో చదవడం. మొదటి మెట్టులోనే ఏడుపు, దగ్గు, హారన్, గొంతులో వణుకు అన్నీ రాలిపోతాయి. 2024 మేలో ఓపెన్‌ఏఐ ప్రకటించిన జీపీటీ-4ఓ లాంటి మోడళ్లు ధ్వనిని నేరుగా తీసుకుంటాయి. అయితే శబ్దం చెవిన పడటం వేరు, దానికి తగ్గట్టు మాట్లాడటం వేరు. అందుకే మనుషులు విని మార్కులు వేయాల్సి వస్తోంది.

మార్కులు ఎలా వేయాలి?

చివరి జవాబు ఒక్కటే కాకుండా సంభాషణ మొత్తం వినాలి. రాసిన కాగితం చూసి మార్కులు వేస్తే వెనకాల శబ్దం తెలియదు. టెలిఫోన్ ధ్వని నాణ్యతకు 1 నుంచి 5 దాకా మార్కులు వేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ఇక్కడా అదే వాడొచ్చు. కాకపోతే మూడింటికి విడివిడిగా వేయాలి: ముందు మాటకు పొంతన, శబ్దానికి పొంతన, గొంతు తీరు. విషయం సరిగ్గా ఉండి, బాధలో ఉన్న మనిషితో హుషారుగా మాట్లాడితే మూడోదానిలో మార్కు తగ్గాలి.

ఒక్కరి మాటే తీర్పు కాకూడదు. ఇద్దరు ముగ్గురు ఒకరికొకరు చెప్పుకోకుండా మార్కులు వేయాలి. బాగా తేడా వస్తే మళ్లీ వినాలి. దక్కనీ ఉర్దూ కలిసిన తెలుగును ఆ భాష ఇంట్లో మాట్లాడే వాళ్లే వినాలి. లేకపోతే మామూలు మాట కూడా వాళ్లకు కోపంగా వినిపించొచ్చు.

ఇంట్లో చేసుకునే పరీక్ష

ఒకే ప్రశ్నను ఒకసారి నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఇంకోసారి రోడ్డు పక్కన అడగండి. శబ్దం వల్ల మారాల్సిన జవాబు మారకపోతే ఫోన్ మన చుట్టుపక్కలను వినడం లేదన్నమాట. తర్వాత ఒక విషయం చెప్పి, నాలుగు మాటల తర్వాత దాని మీద ఆధారపడే ప్రశ్న వేయండి. గుర్తుపెట్టుకుందో లేదో తెలిసిపోతుంది.

ఈ పరీక్షల్లో నెగ్గినా సరే, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం లాంటివి వస్తే ఫోన్‌ని సలహా అడుగుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి కాల్ చేయాలి. ఒంటరిగా ఉండే దాదీ, నానాలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.