పరిసర చలరాశులు: ఎక్స్‌పోర్ట్ ఎందుకు?

స్క్రిప్టులో పాత్ విలువను మార్చారు. స్క్రిప్టును నడిపారు. దోషమేదీ కనిపించలేదు. కానీ టెర్మినల్‌లో చూస్తే పాత్ మునుపటిలాగే ఉంది! ప్రయోగశాల తరగతుల్లో విద్యార్థులు నన్ను తరచుగా అడిగిన సందేహమిది. స్క్రిప్టులో తప్పు లేదు. పరిసర చలరాశులు, అంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, ఒక ప్రోగ్రాము నుంచి మరొకదానికి ఎలా అందుతాయో తెలిస్తే ఈ సందేహం తీరుతుంది.

ఒక ప్రయోగం

లినక్స్‌లో బ్యాష్ షెల్ తెరిచి ఈ కింది సోపానాలు చేసి చూడండి. ఆదేశాలను, చలరాశి పేరును ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. సమానం గుర్తుకు ఇరువైపులా ఖాళీ ఉండకూడదు.

1. ఊరు అనే చలరాశికి నల్గొండ అనే విలువ ఇవ్వండి. ఎకో ఆదేశం రాసి, డాలర్ గుర్తుతో చలరాశి పేరు ఇస్తే నల్గొండ అని వస్తుంది.
2. బ్యాష్ అని టైపు చేసి లోపల మరో షెల్ ప్రారంభించండి. మళ్లీ ఎకో చేస్తే ఖాళీ పంక్తి వస్తుంది. ఎగ్జిట్ ఆదేశంతో వెనక్కి రండి.
3. ఊరును ఎక్స్‌పోర్ట్ చేసి, తిరిగి బ్యాష్ ప్రారంభించండి. ఇప్పుడు లోపలి షెల్‌లోనూ నల్గొండ కనిపిస్తుంది.
4. అక్కడే విలువను గుంటూరుగా మార్చి, ఎగ్జిట్ చేసి చూడండి. బయటి షెల్‌లో నల్గొండే ఉంటుంది.

వివరణ

షెల్ ఒక ప్రోగ్రామును నడిపేటప్పుడు ఫోర్క్ ద్వారా కొత్త ప్రాసెస్‌ను సృష్టిస్తుంది. ఆ ప్రాసెస్‌లోకి ఎగ్జెక్ ద్వారా ప్రోగ్రాము వస్తుంది. అప్పుడు దానికి అందేది ఎక్స్‌పోర్ట్ చేసిన చలరాశుల నకలు మాత్రమే. మిగిలినవి షెల్ సొంత చలరాశులుగానే ఉండిపోతాయి. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ వెర్షన్‌లోని బోర్న్ షెల్ నుంచీ ఇదే పద్ధతి. పొలం దస్తావేజు జిరాక్సు మీద ఎన్ని కొట్టివేతలు చేసినా అసలు పత్రం మారదు కదా! ఇదీ అంతే. విలువలు తల్లి ప్రాసెస్ నుంచి పిల్ల ప్రాసెస్‌కు వెళ్తాయి కానీ వెనక్కి రావు.

ఆచరణలో గుర్తుంచుకోవలసినవి

స్క్రిప్టు చేసే మార్పు ప్రస్తుత షెల్‌లోనే నిలవాలంటే దానిని సోర్స్ ఆదేశంతో నడపాలి. అప్పుడు కొత్త ప్రాసెస్ పుట్టదు.

పాత్‌కు కొత్త డైరెక్టరీ చేర్చేటప్పుడు పాత విలువను కూడా రాసి, మధ్యలో కోలన్ పెట్టండి. పాత విలువను మరిచిపోతే ఎల్ఎస్ వంటి ఆదేశాలు కూడా దొరకవు. కంగారు పడకండి. మార్పు ఆ షెల్‌కే పరిమితం కనుక కొత్త టెర్మినల్ తెరిస్తే చాలు.

పాస్‌వర్డును ఎక్స్‌పోర్ట్ చేస్తే, ఆ తరువాత ఆ షెల్ నుంచి నడిపే ప్రతి ప్రోగ్రాముకూ దాని నకలు చేరుతుంది. అవసరం తీరగానే అన్‌సెట్ ఆదేశంతో తొలగించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పై ప్రయోగంలోని రెండవ, మూడవ సోపానాల ఫలితాలు ఎందుకు వేరయ్యాయి?
2. ప్రతి ప్రాసెస్‌కూ తనదైన ప్రస్తుత డైరెక్టరీ ఉంటుంది. అలాంటప్పుడు సీడీ ఆదేశం విడి ప్రోగ్రాముగా కాక షెల్‌లో భాగంగానే ఎందుకు ఉండాలి?