ఫీజు లేని వకాల్తా: ఓరుగల్లులో పేదలకు సివిల్ న్యాయం

భూమి హద్దు, వారసత్వ వాటా, విడాకులు, బాకీ, బీమా సొమ్ము వంటి వాటిపై నడిచే తగాదాలను సివిల్ వ్యాజ్యాలంటారు. అమెరికాలో 1963లో సుప్రీంకోర్టు ఇచ్చిన గిడియన్ తీర్పు నేరారోపణ ఎదుర్కొనే పేదలకు ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పొందే హక్కు కల్పించింది గానీ, సివిల్ కేసుల్లో అటువంటి సాధారణ హక్కు అక్కడ నేటికీ లేదు. భారతదేశంలో మాత్రం 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ 39ఎ అధికరణాన్ని చేర్చి ఉచిత న్యాయ సహాయాన్ని రాజ్యం బాధ్యతగా ప్రకటించగా, 1995 నవంబర్ 9న అమల్లోకి వచ్చిన న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం (1987) సివిల్ వ్యాజ్యం వేయడానికీ, ఎదుర్కోవడానికీ కూడా సాయాన్ని హక్కుగా చేసింది.

ఈ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు మొదలైనవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా సాయానికి అర్హులు; ఇతరులకు ప్రభుత్వం నిర్ణయించిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది. జిల్లా జడ్జి అధ్యక్షుడిగా ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థ అర్జీని పరిశీలించి, తన ప్యానెల్‌లోని, అంటే ఎంపిక చేసిన జాబితాలోని, న్యాయవాదికి కేసు అప్పగిస్తుంది. కోర్టు ఫీజునూ, వకీలు ఫీజునూ సంస్థే భరిస్తుంది కనుక ఆ వకీలు కక్షిదారు నుంచి పైసా తీసుకోరాదు. 2022 జూన్‌లో తెలంగాణలో కొత్త న్యాయ జిల్లాలు ఏర్పడడంతో ఒకప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లా ప్రజలకు జిల్లా కోర్టు దగ్గరైంది.

అయితే కోర్టు గుమ్మం దాకా రాలేని వారి కోసం మరో అంచె అవసరమైంది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2009లో పారాలీగల్ వాలంటీర్ల పథకాన్ని తెచ్చింది. వీరు వకీళ్లు కారు, చట్టంలో ప్రాథమిక శిక్షణ పొంది, ఊళ్లలో అర్జీలు రాసిపెట్టి, బాధితులను న్యాయవాది వద్దకు చేర్చే స్థానికులు. హనుమకొండ సుబేదారిలోని కాకతీయ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల వంటి సంస్థల విద్యార్థులకు కూడా న్యాయ సహాయ కేంద్రాల పని చదువులో భాగమే. కాకతీయలో గణితం బోధించిన కె. బాలగోపాల్ తర్వాతి కాలంలో న్యాయవాదిగా మారి పేదల పక్షాన హైకోర్టులో వాదించడం ఈ ప్రాంతపు జ్ఞాపకంలో నిలిచిన ఉదాహరణ.

పారాలీగల్‌ల అంచె విలువ భూమి విషయంలో బాగా తెలుస్తుంది. తెల్ల కాగితంపై రాసుకున్న అమ్మకపు ఒప్పందాన్ని సాదాబైనామా అంటారు. రిజిస్ట్రేషన్ లేని ఆ కాగితంతో కొన్న రైతు ఏళ్ల తరబడి దున్నుకున్నా, రికార్డులో పాత యజమాని పేరే ఉంటే పాసుపుస్తకం రాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిర క్రాంతి పథం అనే గ్రామీణ పేదరిక నిర్మూలన పథకం కింద గ్రామ యువతను భూచట్టాల్లో పారాలీగల్స్‌గా తీర్చిదిద్ది, పహాణీలు, అంటే సాగు వివరాల రికార్డులు, వెతికించి, రెవెన్యూ కార్యాలయానికి పంపే దస్త్రాలు సిద్ధం చేయించారు. భూచట్టాల నిపుణుడు ఎం. సునీల్ కుమార్ నేతృత్వంలోని లీఫ్స్ సంస్థ ఇదే బాటలో రైతులకు న్యాయ సలహా అందిస్తోంది. 2020లో ధరణి భూరికార్డుల పోర్టల్, 2025లో భూభారతి చట్టం వచ్చి నిబంధనలు మారిన కొద్దీ ఇటువంటి సలహా అవసరం పెరిగింది.

తగాదా రాజీకి వస్తే లోక్ అదాలత్ ఉంది. అక్కడ వెలువడే అవార్డు, అంటే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, పెండింగ్ కేసులో కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, అయితే దానిపై అప్పీలు లేదు. వాయిదాలకు విసిగిన పేదరాలు తన వాటా ఎంతో తెలియకుండా తక్కువకు ఒప్పుకుని సంతకం చేస్తే, ఆ నష్టాన్ని పూడ్చడం చాలా కష్టం. కాబట్టి పరిష్కరించిన కేసుల సంఖ్య ఒక్కటే న్యాయ సహాయానికి కొలమానం కాజాలదు. సంతకానికి ముందు కక్షిదారుకు తన హక్కు వివరించే వకీలు పక్కన ఉన్నారా లేదా అన్నదే అసలైన కొలత. ఇంటి కాగితాలు చిక్కుల్లో పడిన పాఠకులు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు, లేదా తెల్ల కాగితంపై అర్జీ రాసి జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థకు ఇవ్వవచ్చు.