ఎంత మిగిలితే అడవి?

బ్రెజిల్‌లోని మనౌస్ నగరానికి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న వర్షారణ్యంలో, ఒక్క హెక్టారులో, అంటే దాదాపు రెండున్నర ఎకరాల్లో, 280 దాకా చెట్ల జాతులు కనిపిస్తాయి. 1970ల్లో అక్కడి ప్రభుత్వం పశువుల పెంపకానికి రాయితీలిచ్చి ఈ అడవిని నరికిస్తూనే, ప్రతి భూస్వామీ తన భూమిలో సగం మేర అడవిని వదలాలన్న నిబంధననూ చట్టంలో ఉంచింది. ఆ సగాన్ని ఒక్కచోట వదలాలా, ముక్కలుగా వదలవచ్చా అన్న సంగతి మాత్రం చట్టానికి పట్టలేదు. దాని దృష్టిలో అడవి అంటే విస్తీర్ణమే. సరిగ్గా అప్పుడే జీవశాస్త్రవేత్తలు ఒక పెద్ద అభయారణ్యం మేలా, అంతే వైశాల్యం గల అనేక చిన్నవి మేలా అని కాగితాల మీద వాదించుకుంటున్నారు. ఎలాగూ నరకబోతున్న అడవిలో కొలతలు వేసి కొన్ని ముక్కలు వదిలిపెడితే, ముందే ప్రాణుల లెక్క తీసి, తరువాత ఏమవుతుందో చూడవచ్చని ప్రతిపాదించి ఆ వాదాన్ని నేల మీదికి దించినవారు అమెరికన్ శాస్త్రవేత్త థామస్ లవ్‌జాయ్.

1979లో మొదలై, బ్రెజిల్ జాతీయ అమెజాన్ పరిశోధన సంస్థ, స్మిత్సోనియన్ సంస్థల ఉమ్మడి నిర్వహణలో సాగిన ఈ ప్రయోగంలో ఒకటి, పది, వంద హెక్టార్ల పరిమాణాల్లో మొత్తం 11 ముక్కలు ఏర్పడ్డాయి. చుట్టూ అడవి పడిపోగానే ముక్కల్లో వలలకు చిక్కే పక్షుల సంఖ్య తగ్గకపోగా పెరిగింది, నిలువ నీడ లేని పక్షులన్నీ వచ్చి అక్కడే చేరాయి మరి. లెక్క అంతటితో ఆపి ఉంటే చిన్న ముక్కలే భేషన్న నివేదిక వెలువడేది. ఆ తరువాత సంఖ్య పడిపోయింది. వంద హెక్టార్ల ముక్క సైతం నేలకు దగ్గరగా తిరిగే పక్షి జాతుల్లో సగాన్ని పదిహేనేళ్ల లోపే కోల్పోతుందని 2003లో వెలువడిన విశ్లేషణ తేల్చింది.

ముక్కలు పక్షులకు ఎందుకు చాలవో చెప్పడానికి మంచి నిదర్శనం దండు చీమలు. వేల సంఖ్యలో బారుతీరి నేలమీద సాగే ఈ చీమలకు బెదిరి ఆకుల కింది నుంచి బయటపడే పురుగులను ఏరుకు తినడమే కొన్ని పక్షులకు బతుకుతెరువు. ఒక్క చీమల దండుకే దాదాపు 30 హెక్టార్లు కావాలి. పైగా ప్రతి దండూ కొన్ని వారాలు తిరిగి, కొన్ని వారాలు ఒకచోటే ఆగిపోతుంది కనుక, రోజూ ఆహారం దొరకాలంటే పక్షికి అలాంటి దండులు అనేకం అందుబాటులో ఉండాలి. ఒకటి, పది హెక్టార్ల ముక్కల్లో ఈ పక్షులు కొద్దికాలానికే కనుమరుగయ్యాయి. పెకరీలనే పందివంటి జంతువులు వెళ్లిపోయిన చోట, అవి పొర్లిన మడుగులు ఎండిపోయి, వాటిలో గుడ్లు పెట్టే కప్పలూ పోయాయి.

అడవి అంచున ఎండ, పొడిగాలి లోపలికి చొరబడి చెట్లను చంపుతాయి. దీన్నే అంచు ప్రభావం అంటారు. మహావృక్షాలకు దీని దెబ్బ మరీ ఎక్కువ. చదరంగా ఉన్న వంద హెక్టార్ల ముక్కకు ఒక్కో భుజం కిలోమీటరు. ఆ ప్రభావం అన్ని వైపుల నుంచీ వంద మీటర్లు చొచ్చుకొస్తే దాని బారిన పడనిది 64 హెక్టార్లు, మూడు వందల మీటర్లు చొచ్చుకొస్తే పదహారే. ఒక హెక్టారు ముక్కకు భుజమే వంద మీటర్లు కనుక అది యావత్తూ అంచే.

పొరుగు నేల స్వభావమూ ముఖ్యమే. రాయితీలు ఆగి పశువుల పెంపక క్షేత్రాలు మూతపడ్డాక, నరికి తగలబెట్టకుండా వదిలిన చోట సెక్రోపియా చెట్లు త్వరగా ఎదిగి, చీమల వెంట తిరిగే పక్షుల్లో కొన్నిటికి మళ్లీ దారి ఇచ్చాయి; పదేపదే నిప్పు పెట్టిన చోట విస్మియా పొదలు దశాబ్దాల తరబడి ఇతర చెట్లను ఎదగనివ్వలేదు. ప్రయోగం చెడకుండా ముక్కల చుట్టూ మొలిచే ఈ కొత్త అడవిని పరిశోధకులే కొన్నేళ్లకొకసారి నరికించవలసి రావడం విచిత్రమే.

ఇన్నాళ్లూ ముక్కలను పోల్చి చూడడానికి ఆధారం పక్కనే ఉన్న చెక్కుచెదరని అడవి. అయితే అక్కడ పట్టి తూచి వదిలిన పక్షుల్లో, పరిశీలించిన 77 జాతుల సగటు బరువు 1980ల నాటికన్నా తగ్గిందని, అనేక జాతుల రెక్కలు పొడవయ్యాయని 2021లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. గొడ్డలి పడని చోటా వాతావరణం వేడెక్కడమే ఇందుకు కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.