ఫీడు ఒక్కసారి ఇస్తే చాలు

కూడలి, జల్లెడ, హారం, మాలిక. పదిహేనేళ్ల కిందట తెలుగులో బ్లాగు రాసినవాళ్లకు ఈ పేర్లు కొత్త కాదు. బ్లాగు తెరవగానే దాని ఫీడు చిరునామాను ఈ సంకలినులకు పంపేవారు. ఆ తరవాత టపా రాసి ప్రచురిస్తే చాలు, కాసేపటికి దాని శీర్షిక అక్కడ కనబడేది. మళ్లీ ఎవరికీ ఏదీ పంపనక్కర్లేదు.

ఫీడు యంత్రాలు చదివే పేజీ. రంగులూ హంగులూ ఉండవు. తాజా టపాలు ఓ పదో పాతికో, ఒక్కోదానికీ శీర్షిక, లంకె, తేదీ, కాస్త పాఠ్యం, అంతే. ఆర్‌ఎస్‌ఎస్ అనే ఈ పద్ధతిని 1999లో నెట్‌స్కేప్ సంస్థ తన పోర్టల్ కోసం తయారుచేసింది. రూపకర్తల్లో ఒకరైన రామనాథన్ గుహ మన మద్రాసు ఐఐటీలో చదివినవారే.

సంకలిని తన దగ్గరున్న చిరునామాలన్నిటినీ కొంత కొంత వ్యవధిలో చుట్టి వస్తుంది. వెళ్లిన ప్రతిసారీ ఫీడంతా దించుకోదు. కిందటిసారి చూశాక ఏమైనా మారిందా అని సర్వరును అడుగుతుంది. మారకపోతే సర్వరు 304 అనే సంకేతం ఇచ్చి ఊరుకుంటుంది.

చిక్కుల్లో ఒకటి తేదీ దగ్గర వస్తుంది. ఉదయం 9 గంటలకు వేసిన టపాకు ఫీడులో +0530 బదులు +0000 అని పడిందనుకోండి. సంకలిని లెక్కలో అది మధ్యాహ్నం రెండున్నర టపా. ఇంకా రాని సమయం కాబట్టి ఐదున్నర గంటలసేపు జాబితా నెత్తిన కూర్చుంటుంది, లేదా ఆ వేళయ్యేదాకా అసలు కనబడదు. ప్రతి టపాకూ ఒక గుర్తింపు సంకేతం కూడా ఉంటుంది. చూసిన టపానా, కొత్తదా అని సంకలిని తేల్చుకునేది దాన్నిబట్టే. బ్లాగు ఇల్లు మారినప్పుడు ఆ సంకేతాలు మారితే పాత టపాలన్నీ కొత్తవేషంలో వచ్చిపడతాయి. పాఠకులు విసుక్కోరూ మరి!

వందల డైరెక్టరీలకు మీ ఫీడు పంపిపెడతాం అనే సేవలకు డబ్బు తగలేయడం దండగ. వాటిలో చాలావాటిని తెరిచి చూసేవాడే ఉండడు. కూడలి పనిచేసిందంటే తెలుగు చదివేవాళ్లు రోజూ అక్కడికి వచ్చేవారు గనక.

ఫీడులు చదువుకునే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. ఫీడు మాత్రం పాడ్‌కాస్టుల్లో బతికే ఉంది. ఆపిల్ డైరెక్టరీకి ఇచ్చేది ఫీడు చిరునామానే. ఆడియో మామూలుగా మనం పెట్టుకున్న సర్వరులోనే ఉంటుంది. అందుకే సర్వరు మార్చేవాళ్లు పాత ఫీడు చిరునామా నుంచి కొత్తదానికి 301 దారిమళ్లింపు పెట్టి మరీ కదలాలి.