గుంటూరు దగ్గరే... బాపట్లే దూరం!

బాపట్ల: సూర్యలంక ఇసుక మీద ఇంకా చీకటి విడిపోదు. వేటకు పోయిన పడవలు ఒడ్డుకు చేరక ముందే ఊళ్లో రెండు మూడు ఇళ్లలో దీపాలు వెలుగుతాయి. ఆ ఇళ్లవారు చేపల కోసం లేచినవారు కారు, గుంటూరు పెద్దాసుపత్రికి పోవలసినవారు. చేతిసంచిలో పాత చీటీలు, ఎక్స్‌రే కవరు, మంచినీళ్ల సీసా, అన్నం డబ్బా సర్దుకుని రోడ్డు మీదకు వచ్చి నిలబడతారు. వారు చూసేది బస్సు కోసం కాదు, ఆటో కోసం.

సూర్యలంక నుంచి బాపట్ల 9 కిలోమీటర్లు. బాపట్ల నుంచి గుంటూరు సుమారు 50 కిలోమీటర్లు. తీరవాసుల లెక్కలో మాత్రం ఈ రెండింటిలో మొదటిదే ఎక్కువ. బాపట్ల బస్టాండులో కాలు పెడితే గుంటూరు చేరినట్టేనని ఇక్కడ అనుకుంటారు. చీరాల పక్కన వాడరేవు సంగతీ అంతే. చీరాలకు అక్కడి నుంచి ఉన్నది 6, 7 కిలోమీటర్లే. ఎండలో నడిచి పోగలిగినవారికి అది దూరం కాదు. కాలు వాచిన ముసలివారికి, నెలలు నిండిన ఆడకూతురికి, జ్వరంతో ఉన్న పిల్లవాడిని చంకన వేసుకున్న తల్లికి అదే పెద్ద దూరం.

పగటివేళ సముద్రానికి వచ్చిపోయే బళ్లకు కొదవ లేదు. చిక్కంతా తెల్లవారుజామున, మళ్లీ చీకటి పడ్డాక. నలుగురైదుగురు పోగైతే ఆటోవాడు తలా ఇంత తీసుకుని బయలుదేరతాడు. ఒక్కరే అయితే బండి మొత్తానికి బేరం. ఆటోవాడిని తప్పుపట్టి లాభం లేదు. ఖాళీ బండితో పోతే అతనికి ఆయిలు ఖర్చు కూడా రాదు.

ఉచిత టికెట్టు ఎక్కడ మొదలు?

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపితే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. పట్నాల్లో తిరిగే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లకూ ఇది వర్తిస్తుంది. నాన్‌స్టాప్ బస్సు ఎక్కితే మాత్రం డబ్బులు ఇవ్వాల్సిందే. తెలియక ఎక్కి, కొంగుముడి విప్పుకునేవారు ఇంకా ఉన్నారు.

ఈ పథకం తీరంలోని ఆడవారికి పెద్ద ఆసరా అనడంలో సందేహం లేదు. వెనక ఆసుపత్రికి ఒక మనిషి పోవాలంటే తోడు పోయే మనిషి టికెట్టు కూడా లెక్క చూసుకోవలసి వచ్చేది. ఇప్పుడు తల్లీ కూతుళ్లు ఇద్దరూ పైసా లేకుండా బాపట్ల నుంచి గుంటూరు పోయి రావచ్చు. కానీ ఆటోకు సున్నా టికెట్టు లేదు. 50 కిలోమీటర్లు ఉచితం, 9 కిలోమీటర్లకు సొమ్ము. ఆ సొమ్ము లేకనే ఈ వారం పోవలసిన మనిషి వచ్చే వారానికి వాయిదా వేసుకుంటుంది. సముద్రంలో వేట లేని రోజున చేతిలో డబ్బు ఆడదు కదా!

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు మగవారికి తీరిక దొరుకుతుంది, రాబడి ఉండదు. కంటి పరీక్షలు, మోకాలి నొప్పులు, వాయిదా పడిన ఆపరేషన్లు అన్నీ అప్పుడు గుర్తుకొస్తాయి.

కిటికీలోంచి తువ్వాలు

బాపట్ల బస్టాండులో తెల్లవారగానే సందడి మొదలవుతుంది. గుంటూరు బస్సు ఇంకా నిలవకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, పుస్తకాలు సీట్ల మీద పడతాయి. సీటు ఎవరిదని తగవు వస్తే తువ్వాలు ముందు పడిందా, సంచి ముందు పడిందా అన్నదే తీర్పు. కండక్టరు ఇందులో తల దూర్చడు. కాలేజీ పిల్లలు, ఆఫీసు ఉద్యోగులు, కోర్టు పక్షులు, చీరాల వైపు నుంచి చీరెల మూటలతో వచ్చిన నేతగాళ్లు అందరికీ ఆ బస్సే కావాలి. రోగి ఒక్కడే కిటికీ దాకా పరుగెత్తలేడు. పాపం, అతనికి సీటు దొరకడం పక్కవాడి మంచితనం మీద ఆధారపడి ఉంటుంది. చాలాసార్లు దొరుకుతుంది కూడా. ఆసుపత్రి చీటీల కవరు చూడగానే లేచి నిలబడే కుర్రవాళ్లు ఈ దారిలో తక్కువేమీ కాదు.

చేపల గంపది మరో కథ. గంపతో బస్సు ఎక్కబోతే తోటి ప్రయాణికులే ముందుగా ముక్కు మూసుకుంటారు. అందుకని గంపలు ఆటోల్లోనే పోతాయి. అదే ప్రయాణికులు గుంటూరు మిర్చియార్డు పక్కన దిగి, ఆ ఘాటుకు తుమ్ముతూ కళ్లు తుడుచుకుంటూ మారుమాట లేకుండా పోతారు. ఎవరి సరుకు వాసన వారికి అలవాటు మరి.

బస్సు కదిలిన కాసేపటికి కిటికీ బయట నేల మారిపోతుంది. సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు వెనకబడి నల్లరేగడిలో వరిచేలు వస్తాయి. పొన్నూరులో సగం మంది ఆంజనేయస్వామి గుడి వైపు తిరిగి దండం పెట్టుకుంటారు. చేబ్రోలు, నారాకోడూరు దాటితే గుంటూరు వచ్చినట్టే.

రైలు ఉంది గానీ...

ఈ ఊళ్లకు రైలు లేక కాదు. చీరాల, బాపట్ల, నిడుబ్రోలు మీదుగా మద్రాసు లైను ఉంది. పొన్నూరు స్టేషను పేరే నిడుబ్రోలు. ఆ లైను తెనాలి మీదుగా విజయవాడకు పోతుంది. గుంటూరు పోయేవారు సాధారణంగా తెనాలిలో దిగి బండి మారాలి. నిచ్చెనమెట్లలాంటి వంతెన ఎక్కి దిగడం రోగి వల్ల అయ్యే పని కాదు. అంతకు పూర్వం కొమ్మమూరు కాలువ మీద పడవలు నడిచేవి. ఆ కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. సరుకూ మనుషులూ నీళ్ల మీదే పోయేవారు.

జిల్లాలు సైతం మారాయి. చీరాల మొదట గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి, 2022 ఏప్రిల్ 4న కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చింది. కలెక్టరు కచేరీ ఇప్పుడు బాపట్లలోనే ఉన్నందున అర్జీ పని మీద పోయేవారికి దూరం తగ్గింది. పెద్ద జబ్బు చేస్తే మాత్రం దారి గుంటూరుకే.

అక్కడ ఓపీ చీటీ ఉదయమే తీసుకోవాలి. వరుసలో వెనకబడితే డాక్టరును చూసేసరికి మధ్యాహ్నం, రక్తపరీక్షకు మళ్లీ రేపు రమ్మంటే ఆటో, బస్సు అన్నీ మొదటికి. అందుకే తెల్లవారుజామున మొదటి బస్సు తప్పితే కొందరు గుంటూరు ప్రయాణమే మానుకుని ఇంటికి తిరిగిపోతారు.

కార్తీక మాసంలో ఈ దారి స్వరూపమే వేరు. సముద్ర స్నానాలకు జనం వేలాదిగా వస్తారు. ప్రత్యేక బస్సులు ఇసుక దాకా వస్తాయి. ఆదివారాల్లో పట్నం కార్లు బారులు తీరుతాయి. తుపాను హెచ్చరిక వస్తే రోడ్డంతా ఖాళీ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అటువంటి రోజుల్లో తీరంలో ఉన్నవారు కదలడానికి మొదట వెతికేది ఒక బండినే.

స్నానాల రోజున ఇసుక దాకా రాగలిగిన బస్సు, ఆసుపత్రి వేళకు అందేలా తెల్లవారుజామున ఒక్కటి, గుంటూరు బస్సు దిగినవారికి రాత్రి ఒక్కటి వస్తే చాలునని తీరవాసుల కోరిక. వేళ ఖాయంగా ఉంటే ఎక్కే జనం వారే పోగవుతారని కూడా అంటున్నారు.

సాయంత్రం గుంటూరు నుంచి బస్సు బాపట్ల చేరేసరికి దీపాలు పెట్టేస్తారు. మందుల కవరు పట్టుకుని దిగినవారు బస్టాండు బయట నిలబడి సముద్రం వైపు పోయేవారు ఇంకెవరైనా ఉన్నారా అని కేకలు వేస్తారు. ముగ్గురు దొరికారంటే నాలుగో మనిషి కోసం చూస్తారు.